చీమలెక్కిన ఇంజను

కారు నీళ్ళు తాగుతోంది. ఆ నీళ్ళు ఎటు పోతున్నాయో ఎవరికీ తెలియదు. దీపాలు పెట్టే వేళలోగా ఆ సంగతి తేలకపోతే డ్రైవర్ హనుమండ్లును పోలీసులు తీసుకుపోతారు.

మంచిర్యాలలో లక్ష్మీరాజం ఇంటి గేటు దాటేసరికి రామచంద్రానికి తెలిసింది ఇంతే. ఆయన రైల్వేలో దారిలో మాయమైన సరుకును ఆరా తీసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు కరీంనగర్‌లో ఉంటూ ఎవరికి ఏది కనబడకుండా పోయినా వెతికిపెడుతున్నాడు. బట్టల వ్యాపారి లక్ష్మీరాజం నూలు బేళ్ళు ఒకప్పుడు కాజీపేట యార్డులో దారి తప్పితే పట్టి తెచ్చింది ఆయనే. ఆ నమ్మకంతోనే కబురు వెళ్ళింది.

లక్ష్మీరాజం వరండాలో కూర్చోబెట్టి సంగతి చెప్పాడు. హైదరాబాదులో కొన్న పాత నల్ల కారు. ఈ మధ్య నిర్మల్ దారి పట్టిన ప్రతిసారీ, జన్నారం దాటాక ఎత్తు ఎక్కేచోట ఇంజను మరిగి ఆగిపోతోంది. మూత తీసి చూస్తే రేడియేటర్ ఖాళీ. ఇంటి దగ్గర షెడ్డులో మాత్రం నేల మీద ఒక్క చుక్క కనబడదు. గ్యారేజీ నడిపే నాగయ్య మేస్త్రి మూడుసార్లు చూసి, బండిలో ఎక్కడా చిల్లు లేదని, ఎవరి చెయ్యో నీళ్ళు వదిలేస్తోందని ఒట్టు పెట్టి చెప్పాడు. దానితో విషయం పోలీసు జమేదార్ అంబదాస్ దాకా పోయింది. అంబదాస్ ఒక్కరోజులో ఒక సంగతి తవ్వి తీశాడు. కారు ఆగేది ప్రతిసారీ ఒక ఛాయ్ హోటల్ ముందే. ఆ హోటల్ నడిపే రాజక్క హనుమండ్లు భార్యకు సొంత అక్క. ఆమెకు బేరం కావాలనే హనుమండ్లు నీళ్ళు వదులుతున్నాడని జమేదార్ అనుమానం.

రేపు వసంత పంచమి. లక్ష్మీరాజం మనవరాలు అనసూర్యకు బాసరలో అక్షరాభ్యాసం. ఆయన తల్లి శంకరవ్వ మోకాళ్ళ నొప్పులతో బస్సు ఎక్కలేదు. కారు పోతేనే ఆమె పోతుంది.

"ఆరేండ్ల సంది నా ఇంట్ల మనిషి లెక్క ఉన్నడు సారు," అన్నాడు లక్ష్మీరాజం. "దొంగ గాదంటె సంతోషం. దొంగనే అన్నా సరే, ఏదో ఒకటి తేల్చుండ్రి. గీ అనుమానం పెట్టుకొని నా మనుమరాలిని వాని బండి ఎక్కియ్యలేను."

రామచంద్రం కాఫీ వద్దని లేచాడు.

జీపు గేటు బయట ఆపి, షెడ్డులో కారు పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు అంబదాస్. ఆదిలాబాద్ వైపు మనిషి, నోట్లో సగం మరాఠీ ఉంటుంది. మీసం మీదినుంచి చెయ్యి తీయడు. హనుమండ్లు గోడకు ఆనకుండా నిటారుగా నిలబడి ఉన్నాడు.

"యావా, రండి రైల్వే సాబ్. లేట్ అయింది. రైల్వే గద," అన్నాడు అంబదాస్.

"కేసు ఇంకా కదలలే గద జమేదార్ సాబ్. అందుకుంట."

రామచంద్రం హనుమండ్లును పోయినసారి ప్రయాణం మొదటినుంచి చెప్పమన్నాడు. హనుమండ్లు తడుముకోకుండా చెప్పాడు. బయలుదేరేముందు మూత తీసి చూస్తే నీళ్ళు అంచు దాకా ఉన్నాయి. లక్సెట్టిపేట దాకా ఇంజను వేడి చూపే ముల్లు కదలలేదు. జన్నారం దాటి ఎత్తు మొదలవగానే ముల్లు లేచింది, బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చింది. మెల్లగా లాక్కుంటూ హోటల్ దాకా తెచ్చి ఆపాడు.

"ఆడనే ఎందుకు ఆపుతున్నవు?"

"నేను ఆపుత లేను సారు, బండే ఆగుతున్నది. ఆడ బాయి ఉన్నది. నీళ్ళున్న జాగ విడిచిపెట్టి అడివిల ఆపుమంటరా?"

"బాయి ఉన్నది, వదినె ఉన్నది, గరం ఛాయ్ గూడ ఉన్నది," అన్నాడు అంబదాస్.

"ఛాయ్‌కి నేను పైసలిచ్చిన జమేదార్ సాబ్. మొన్న కేసు జాంచ్‌కు పోయి మీరు తాగినదానికే ఇంకా రాలేదట. వదినె మిమ్ముల యాది చేసింది."

లక్ష్మీరాజం ముఖం పక్కకు తిప్పుకున్నాడు. రామచంద్రం నవ్వు కనబడనివ్వకుండా తరువాతి ప్రశ్న అడిగాడు. ఆగిన తరువాత మూత తీస్తే లోపల ఏముంటుంది? నురుగు ఉంటుందన్నాడు హనుమండ్లు, పాలు పొంగినట్టు తెల్లటి నురుగు. మొదటినుంచీ అంతేనా అంటే కాదన్నాడు. దసరా తరువాత కొన్నాళ్ళు ఉట్టి ఆవిరే వచ్చేది. నురుగు మొదలైంది కార్తీకంలో.

"దసరా తర్వాత షెడ్డుల నేల తడిసేదా?"

హనుమండ్లు ఆలోచించాడు. "ఎడమదిక్కు జరంత తడి ఉండేది సారు. కార్తీకంల అదే ఎండిపోయింది. బాగైందనుకున్న."

అంబదాస్ కుర్చీలోంచి లేచాడు. తడి, నురుగు లెక్కలు తనకు అక్కర్లేదన్నాడు. పోయినసారి కారు బయలుదేరే ముందు రేడియేటర్ అడుగున నీళ్ళు వదిలే టాపు మీద తన చేత్తో లక్క ముద్ర వేశాడట. తిరిగి వచ్చాక చూస్తే ముద్ర లేదు. "సర్కారు ముద్ర పగులగొట్టిండు. ఇంతకన్న ఏం సబూతు గావాలె?"

రామచంద్రం చొక్కా చేతులు మడిచి, నేల మీద గోనె పరిపించుకుని, టార్చ్ తీసుకుని కారు కిందకు జరిగాడు. చాలాసేపు కాళ్ళు మాత్రమే బయటకు కనిపించాయి. బయటకు వచ్చినప్పుడు ఆయన వేళ్ళ మధ్య ఎర్రటి లక్క బొట్టు ఒకటి ఉంది. దాన్ని అంబదాస్ అరచేతిలో పెట్టాడు.

"పగులగొడితె పెంకులు లేస్తయి. వ్యాగన్ల మీది ముద్రలు నేను వేలల్ల చూసిన. ఇది పగులలే, కరిగింది. కింద ఇనుపకడ్డీ మీద గూడ మూడు బొట్లు పడి ఉన్నయి. ఇంజను వేడికి సర్కారు ముద్ర ఆగుతదా జమేదార్ సాబ్?"

అంబదాస్ బొట్టును తిప్పి తిప్పి చూశాడు.

"ఇంకోటి. టాపు పిడి చుట్టు మట్టి గట్టిపడి ఉన్నది. దాన్ని తిప్పిన చెయ్యి ఏదైనా ఉంటే ఆ మట్టి రాలిపోవాలె."

"మరి నీళ్ళు దేవుడు తీస్కపోయిండా?"

"అది ఇంకా తెల్వదు. హనుమండ్లు తియ్యలే, అది తెల్సింది."

"నాకు తెల్వలే," అన్నాడు అంబదాస్. "టాపు గాకపోతె ఇంకో తోవ. నీళ్ళు పోయిన జాగ చూపెట్టుండ్రి, విడిచిపెడ్త. లేదంటె దీపం పెట్టంగనే నా వెంట వస్తడు."

హనుమండ్లు కారు ముందు దీపాన్ని భుజం మీది తువ్వాలుతో ఒకసారి తుడిచాడు.

అప్పుడు రామచంద్రం తన మణికట్టు వైపు చూసుకున్నాడు. ఒక నల్ల చీమ పాకుతోంది. కారు కింద పడుకున్నప్పుడు ఎక్కి ఉంటుంది. ఆయన దాన్ని దులపకుండా మళ్ళీ వంగి నేల చూశాడు. షెడ్డు మూలనుంచి సన్నటి బారు బయలుదేరి, ఎడమ చక్రం ఎక్కి, పైకి పోయి ఇంజనులోకి మాయమవుతోంది.

ఆయన ఉద్యోగంలో ఉండగా నెయ్యి డబ్బాలు నిండిన వ్యాగన్లో కారుతున్న డబ్బా ఏదో ఎవరికీ తెలిసేది కాదు. అప్పుడు డబ్బాలు దించకుండా ఆయన చీమలకోసం చూసేవాడు. నెయ్యికి చీమలు రావడంలో వింత లేదు. ఇనుములో వాటికేం పని?

బానెట్ ఎత్తాడు. కారు కదలక నాలుగు రోజులు కావడంతో ఇంజను చల్లగా ఉంది. బారు ఇనుము అంచు పట్టుకుని పోయి డైనమో వెనుకకు తిరిగింది. అక్కడ చెయ్యి పట్టే చోటు లేదు. రామచంద్రం రేడియేటర్ మూత తీశాడు. వేలు ముంచి పైకెత్తితే నీళ్ళు వేలినుంచి జారకుండా జిగటగా నిలిచాయి. వాసన చూశాడు.

ఆ వాసన ఆయనకు తెలుసు. ఆదివారం పూట పెరట్లో తీగ మీద ఆరే ఖద్దరు చొక్కాల వాసన. భార్య పోయాక తన ఇంట్లో అది తగలక రెండేళ్ళవుతోంది. ఆయన మూత బిగించి లక్ష్మీరాజం వైపు తిరిగాడు.

"ఈ ఇంట్ల గంజి కాసేది ఎవరు?"

శంకరవ్వను పిలిచారు. ఆమె ఒక చేత్తో గోడ పట్టుకుని మెల్లగా వచ్చింది. గంజి తానే కాస్తానంది, అందులో అడిగేదేముందన్నట్టు చూసింది. ఈ కారులో పోసింది కూడా మీరేనా అని రామచంద్రం అడిగితే, మరి ఇంకెవరు పోస్తారంది.

ఆ తరువాత ఆమె దేన్నీ దాచకుండా చెప్పుకొచ్చింది. కార్తీకంలో ఒకరోజు తెల్లవారుజామున దీపం పెట్టి వస్తూ కారు కింద తడి చూసింది. ఆమె పుట్టింది, మెట్టింది సాలెవాళ్ళ ఇళ్ళే. పొద్దు పొడవకముందే వీధి పొడవునా పడుగు పోగులు చాపి, గంజి పట్టించి, ఎండ ముదిరేలోగా ఆరబెట్టడం చిన్ననాటినుంచి చేసిన పని. గంజి తాగిన పోగు మగ్గం ఎంత కొట్టినా తెగదు. అందుకని బియ్యప్పిండితో గంజి కాచి, పోగుకు వేసినట్టే నాలుగు చుక్కల నూనె వేసి, గుడ్డలో వడగట్టి, హనుమండ్లు రోజూ నీళ్ళు పోసే మూతిలోనే పోసింది. మర్నాటికి నేల ఆరిపోయింది. అప్పటినుంచి కారు ఊరికి పోతుందని తెలిసినప్పుడల్లా డ్రైవర్ రాకముందే పోస్తోంది.

"కారు సంగతి నాకు తెల్వది బిడ్డా, పోగు సంగతి తెల్సు," అంది శంకరవ్వ. "పలుచబడ్డదానికి గంజి పెడ్తె నిలుస్తది. నిలిచిందా లేదా?"

"షెడ్డుల నిలిచిందవ్వా. ఎత్తు మీద నిలువలే."

లక్ష్మీరాజం రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. "ఒక మాట చెప్పద్దా అవ్వా?"

"నన్నెవరు అడిగిండ్రు? జమేదార్ సాబ్ వచ్చి వంటామెను అడిగిండు, పాలోన్ని అడిగిండు. ముసల్ది అని నన్ను దాటిపోయిండు." ఆమె చూపు గోడ దగ్గర నిలబడ్డ మనిషి మీద పడింది. "హనుమండ్లును ఎందుకు నిలవెట్టిండ్రు?"

నీళ్ళు వదిలేస్తున్నాడన్న అనుమానమని లక్ష్మీరాజం చెప్పాడు. శంకరవ్వ గోడ వదిలిపెట్టి, నాలుగడుగులు నడిచి అంబదాస్ ముందుకు వచ్చింది.

"పోసింది నేను. పా, నన్ను తీస్కపో. నీ ఠాణల కుర్చీ ఉన్నదా? నేను కింద కూసుంటె లేవరాదు."

అంబదాస్ తన కుర్చీ తెచ్చి ఆమె వెనుక వేశాడు. మీసం మీదినుంచి చెయ్యి అప్పుడే దిగింది.

రామచంద్రం అందరికీ అర్థమయ్యేలా చెప్పాడు. గంజి పోయకముందే బండికి చిల్లు ఉంది. గంజి పోసి అవ్వ దాన్ని లోపలినుంచి మూసింది. బండి నిలబడి ఉన్నంతసేపు ఆ గంజి పొర ఆగుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను కాగి, గంజి పొంగి, ఆ పొర ఊడుతుంది. అప్పుడు చిమ్మిన నీళ్ళు కాలే ఇనుము మీద పడి ఆవిరైపోతాయి, నేలకు చేరవు. బండి చల్లారితే మిగిలిన గంజి ఎండి చిల్లును మళ్ళీ మూస్తుంది. అందుకే ఇంటి దగ్గర ఎవరికీ ఏదీ కనబడలేదు. చీమలు వచ్చింది ఆ ఎండిన గంజికి.

"ముందు గంజి కడుగుదం. చిల్లు దానంతట అదే మాట్లాడుతది," అన్నాడు.

టాపు తిప్పబోతే హనుమండ్లు చేతికి రాలేదు. పానా పెట్టి సుత్తితో రెండు దెబ్బలు వేస్తేగాని కదలలేదు. ఆ దెబ్బలు వినబడ్డప్పుడు రామచంద్రం అంబదాస్ వైపు చూశాడు. అంబదాస్ షెడ్డు కప్పు వైపు చూశాడు. తెల్లటి నీళ్ళు జారి, పలచబడి, చివరకు తేటగా వచ్చాయి. బావినుంచి బిందెలు మోసుకొస్తున్నవాళ్ళలో లక్ష్మీరాజం కూడా ఉన్నాడు. మనవరాలు అనసూర్య తాత వెంట గ్లాసుతో నీళ్ళు తెచ్చి పోసింది.

నీళ్ళు నింపి ఇంజను నడిపించారు. రామచంద్రం ఒక చిన్న అద్దం అడిగి తీసుకుని, టార్చ్ వెలుగును దాని మీద పడేట్టు పట్టుకుని డైనమో వెనుక చూశాడు. మొదట ఏమీ లేదు. ముల్లు సగానికి వచ్చాక అద్దంలో ఒక చుక్క మెరిసింది. దాని వెనుక ఇంకొకటి. తరువాత సన్నటి ధార.

ఇంజను ఆపించి, చల్లారనిచ్చి, డైనమో విప్పించాడు. ఇంజను గోడకు అక్కడ గుండ్రటి బిళ్ళ ఒకటి బిగించి ఉంది. ఇంజను పోత పోసినప్పుడు మిగిలిన చిల్లులను ఇలాంటి ఇనుప బిళ్ళలతో మూస్తారని హనుమండ్లు చెప్పాడు. కానీ ఈ బిళ్ళకు తుప్పు లేదు. నల్లటి మడ్డి పట్టి ఉంది, అంతే. రామచంద్రం బొటనవేలి గోటితో గీకాడు. మడ్డి కింద తెలుపు మెరిసింది. ఇంకొంచెం గీకితే ఒక మినారు, దాని పక్కన ఇంకొకటి, మధ్యలో కమాను కనిపించాయి.

"చార్మినార్," అన్నాడు లక్ష్మీరాజం, నమ్మలేనట్టు. "ఇంజనుల చార్మినార్ ఏంది?"

అది నిజాం కాలపు హాలీ వెండి రూపాయి. నడుమ గుంటలా సాగగొట్టి బిళ్ళకు మారుగా బిగించారు. దాని అంచున పక్కపక్కనే రెండు చిన్న తొలులు, దారం ఎక్కించే రంధ్రాలు, ఉన్నాయి. వాటిని సీసంతో పూడ్చారు. ఒక తొలిలో సీసం రాలిపోయింది. నీళ్ళు అందులోంచే వస్తున్నాయి.

హనుమండ్లు దాన్ని ఉలితో ఊడదీసి రామచంద్రం చేతిలో పెట్టబోయాడు. మధ్యలోనే అంబదాస్ చెయ్యి చాచి అందుకున్నాడు. ఆయన దాన్ని వెలుగులోకి తీసుకుపోయి రెండు తొలుల మీద వేలు పెట్టి చూశాడు. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతులో ఎగతాళి లేదు.

పోయిన ఏడాది కేస్లాపూర్ జాతరలో గంగుబాయి అనే ముసలామె మెడలోని రూపాయల దండను దొంగలు తెంపుకుపోయారు. అది ఆమె తల్లినుంచి వచ్చినది. మామూలుగా రూపాయికి కొక్కెం అతుకుతారు. ఆమె తల్లి ఊళ్ళో కంసాలి మాత్రం ప్రతి రూపాయికీ రెండు తొలులు పొడిచి దారం ఎక్కించేవాడు. "జిల్లాల ఉన్న కంసాలినల్ల అడిగిన," అన్నాడు అంబదాస్. "ఒక్క రూపాయి దొరకలే. ఆమె ఇప్పటికీ సంతకు వస్తె నన్ను చూసి ఏం అడుగది. నా దిక్కు చూస్తది, పోతది."

రామచంద్రం హనుమండ్లును ఆ బిళ్ళ ఎవరు బిగించారని అడిగాడు. దసరాకు నాగయ్య మేస్త్రి బిగించాడని, పాత బిళ్ళ తుప్పుపట్టిందని చెప్పి తనను ఛాయ్ తెమ్మని పంపాడని హనుమండ్లు చెప్పాడు.

"అందుకే మూడుసార్లు చూసి చిల్లు లేదన్నడు," అన్నాడు రామచంద్రం. "చిల్లు ఉన్నదంటె డైనమో విప్పాలె. విప్పితె ఇది బయటవడ్తది. చిల్లు లేదంటె ఇంకెవని చెయ్యో ఉండాలె. హనుమండ్లు చెయ్యి దగ్గర్ల ఉన్నది."

లక్ష్మీరాజం పొద్దున తన దగ్గర పెట్టుకున్న కారు తాళంచెవి జేబులోంచి తీసి హనుమండ్లు చేతిలో పెట్టాడు. క్షమించమని అనలేదు.

"పొద్దుగాల బాసర పోవాలె. పిల్ల నీ పక్క సీటుల కూసుంటదట," అన్నాడు.

హనుమండ్లు తల ఊపాడు. ఊపి, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని, చెమట తుడుచుకుంటున్నట్టు చాలాసేపు తుడుచుకున్నాడు. ఆ తరువాత ఇంజను మీదకు వంగి, మూయటానికి బిళ్ళ లేదని, ఈ రూపాయిని జమేదార్ సాబ్ ఇవ్వడని అన్నాడు. కేసుకు సాక్ష్యమైనదాన్ని ఎలా ఇచ్చేస్తానన్నాడు అంబదాస్.

శంకరవ్వ కుర్చీలోంచి లేచి లోపలికి పోయింది. కొంగు ముడి విప్పుకుంటూ తిరిగి వచ్చింది. ముడిలో ఇంకో హాలీ రూపాయి. దానికి తొలులు లేవు.

"బజార్ల చెల్లకుంట పోయింది. గిందులనన్న చెల్లనీ," అంది.

హనుమండ్లు దాన్ని చెక్క దిమ్మ మీద పెట్టి చిన్న సుత్తితో అంచులు వంచాడు, సందులు పూడ్చే సఫేదా ముద్ద పూసి చిల్లులో కూర్చోబెట్టి నడుమ కొట్టాడు. డైనమో బిగించి ఇంజను నడిపించారు. ముల్లు సగానికి వచ్చింది. సగం దాటింది. అద్దంలో చుక్క లేదు. అనసూర్య అద్దంలో తన ముక్కు చూసుకుని నవ్వింది. అది చూసి శంకరవ్వ నవ్వింది, తరువాత లక్ష్మీరాజం నవ్వాడు, అప్పటికి అందరూ నవ్వుతున్నారు. లోపల అప్పుడే దీపం పెట్టారు. ఆ సంగతి అంబదాస్ సహా ఎవరూ పట్టించుకోలేదు.

అంబదాస్ రూపాయిని రుమాలులో కట్టి జేబులో పెట్టుకున్నాడు. నాగయ్య గ్యారేజీ మూసేలోగా పోవాలన్నాడు.

"నిలువుండ్రి," అన్నాడు రామచంద్రం. "ఇది ఒక్కటే. దండల ఇంకా చానా ఉండాలె. అమ్ముదమంటె కంసాలి పడుతడు, ఇంట్ల దాస్తె మీరు పడుతరు. అందుకే ఊరి బండ్లల్ల దాసిండు. తనకు గావాల్సినప్పుడు బండే గ్యారేజీకి వస్తది." ఆయన హనుమండ్లు వైపు తిరిగాడు. "దసరా సంది నాగయ్య బిళ్ళలు మార్చిన బండ్లు నీకు తెల్సినయి ఏవి?"

హనుమండ్లు చెప్పసాగాడు. బొగ్గు కంట్రాక్టరు లారీ. స్టేషన్ దగ్గరి డాక్టరు గారి కారు. శ్రీరాంపూర్ పోయే ట్యాక్సీ. నాలుగోది చెప్పబోయి ఆగిపోయాడు. అతని చూపు గేటు బయటకు పోయి అక్కడే నిలిచింది.

"చెప్పు," అన్నాడు అంబదాస్.

"మీ జీపు గూడ సాబ్. దీపావళికి."

అంబదాస్ రామచంద్రం చేతిలోంచి టార్చ్, అద్దం తీసుకున్నాడు. గేటు దాటి జీపు దగ్గరకు నడిచాడు. బానెట్ ఎత్తిన చప్పుడైంది. టార్చ్ వెలుగు అటూ ఇటూ కదిలి ఒకచోట ఆగింది. ఆ తరువాత గోరుతో ఇనుము గీకే సన్నటి చప్పుడు చాలాసేపు వినిపించింది.

"రైల్వే సాబ్," అన్నాడు అంబదాస్ చివరకు, బానెట్ చాటునుంచి మెల్లగా. "జర ఇటు రండి. వీటికి గూడ రెండేసి తొలులున్నయి."

"ఎన్ని ఉన్నయి?"

"మూడు. ఏడాది సంది వెతుకుతున్న గంగుబాయి రూపాయల మీదనే దీపావళి సంది కూసొని తిరుగుతున్న."